కాలం చెల్లిన భవనాలు

కట్టడం గట్టిగానే ఉన్నా దాని అవసరమో, ఆదాయమో, అనుమతో తప్పిపోయి, ఉంచుకోవడం కన్నా పడగొట్టడమే లాభమని యజమానికో ప్రభుత్వానికో తోచే దశ ఒకటి వస్తుంది. దానినే భవనానికి కాలం చెల్లడం అంటారు. ఇది శిథిలం కావడం లాంటిది కాదు. శిథిలత భవనం లోపల పుడుతుంది. స్లాబు నెమ్మెక్కుతుంది, లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బి కాంక్రీటు పెచ్చులూడుతుంది, దూలాలకు చెదలు పడతాయి. వీటికి మరమ్మతు ఉంది. కాలం చెల్లడానికి కారణం ఎక్కువసార్లు భవనం బయట ఉంటుంది. స్థలం ధర పెరుగుతుంది, కొత్త యంత్రం వస్తుంది, నిబంధన మారుతుంది, అన్నదమ్ములు విడిపోతారు. గోడలో ఒక్క బీట లేకపోయినా తీర్పు మాత్రం వచ్చేస్తుంది. రోమ్‌లోని పాంథియన్ దాదాపు 1,900 ఏళ్లుగా వాడుకలో ఉంది. న్యూయార్క్‌లోని గిలెండర్ బిల్డింగ్ ఉక్కు చట్రంతో కట్టినదైనా 13 ఏళ్లకే నేలమట్టమైంది.

ఆలోచన పుట్టిన చోటు

గిలెండర్ బిల్డింగ్‌ను 1897లో వాల్‌స్ట్రీట్ మూలమీద 20 అంతస్తులతో కట్టారు. స్థలం 26 అడుగుల వెడల్పు, 73 అడుగుల పొడవు మాత్రమే. లిఫ్టులకూ మెట్లకూ పోగా అద్దెకిచ్చే చోటు కొద్దిగానే మిగిలేది. చుట్టుపక్కల బ్యాంకులు పెరిగి ఆ మూల ధర ఆకాశానికి ఎక్కడంతో 1910లో దాన్ని కూల్చి, బ్యాంకర్స్ ట్రస్ట్ సంస్థ కోసం అంతకు దాదాపు రెట్టింపు ఎత్తున్న భవనాన్ని లేపారు. అంత ఎత్తైన భవనాన్ని కావాలని కూల్చడం అప్పటివరకు ఎవరూ చూడలేదు.

మరుసటి ఏడాది, 1911లో, రెజినాల్డ్ పెల్హామ్ బోల్టన్ అనే ఇంజనీరు ‘బిల్డింగ్ ఫర్ ప్రాఫిట్’ అనే పుస్తకం రాశాడు. భవనం ఎన్నేళ్లు నిలబడగలదన్నది ఒక లెక్క, ఎన్నేళ్లు లాభం తేగలదన్నది మరొక లెక్క, రెండోదే చిన్నది అన్నది అందులోని వాదన. 1913లో అమెరికాలో ఆదాయపు పన్ను స్థిరపడ్డాక ఈ వాదనకు డబ్బు బలం చేరింది. భవనం ఆయుష్షు తక్కువని ఒప్పించగలిగితే ఏటా తరుగుదల కింద ఎక్కువ మొత్తం మినహాయించుకోవచ్చు. అందుకని భవన యజమానుల సంఘం షికాగోలో కూల్చేసిన భవనాలను పరిశీలించి, ఏది ఏ వయసులో ఎందుకు పోయిందో వివరాలు సేకరించింది. 1889లో కట్టి 1929లో కూల్చిన టకోమా బిల్డింగ్ ఆ తరం భవనాల్లో పేరుమోసినది. పన్నుల శాఖ కూడా 1931 నాటికి రకరకాల భవనాలకు ఇన్నేళ్లని ఆయుష్షు పట్టికలు ముద్రించింది. ఈ కథను చరిత్రకారుడు డేనియల్ ఏబ్రమ్సన్ 2016లో వచ్చిన గ్రంథంలో వివరంగా చెప్పాడు. భవనాలకు కాలం చెల్లడం ప్రకృతి నియమమన్నట్టు మాట్లాడేవారు ఈ సంగతి తెలుసుకోవాలి. ఆ ఆలోచన పుట్టుకలో సగం పన్ను మినహాయింపుదే.

ఇప్పుడు చాలా దేశాలకు ఇలాంటి పట్టిక ఉంది. మన 2013 కంపెనీల చట్టం రెండో షెడ్యూలు ఆర్‌సీసీ చట్రంతో కట్టిన భవనానికి 60 ఏళ్లు, ఇతర భవనాలకూ కర్మాగారాలకూ 30 ఏళ్లు ఇచ్చింది. జపాన్ పన్ను లెక్కలో చెక్క ఇంటి ఆయుష్షు 22 ఏళ్లు, కాంక్రీటు నివాసాలది 47 ఏళ్లు. అక్కడి ప్రజలు ఆ అంకెను నిజంగానే నమ్మారు. పాతికేళ్లు కూడా నిండని ఇంటికి కొనేవాడు స్థలం ధర తప్ప దాదాపు ఏమీ కట్టడు. 1981లో భూకంప నిబంధనలను కట్టుదిట్టం చేయడంతో అంతకుముందటి ఇళ్ల మీద అనుమానం ఇంకా పెరిగింది.

ఒకే భవనంలో వేర్వేరు వయసులు

భవనమంతా ఒకేసారి ముసలిది కాదు. బ్రిటిష్ ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ డఫీ మొదలుపెట్టిన ఈ ఆలోచనను రచయిత స్టీవార్ట్ బ్రాండ్ 1994లో ‘హౌ బిల్డింగ్స్ లర్న్’ పుస్తకంలో ఆరు పొరలుగా విడమరిచాడు. అడుగున ఉన్న స్థలానికి చావు లేదు. పునాది, స్తంభాల చట్రం 30 నుంచి 300 ఏళ్ల దాకా ఉండొచ్చు. బయటి తొడుగు సుమారు 20 ఏళ్లకు మారుతుంది. పైపులు, వైర్లు, లిఫ్టులు, ఏసీలు 7 నుంచి 15 ఏళ్లలో అరిగిపోతాయి. లోపలి అడ్డుగోడలను దుకాణాల్లో అయితే మూడేళ్లకే మారుస్తారు. సామాన్లు రోజూ జరుగుతూనే ఉంటాయి.

తొందరగా పోయే పొరను నిదానంగా పోయే పొరలో పాతేసినప్పుడు చిక్కు వస్తుంది. మన నగరాల్లో పాతికముప్పై ఏళ్లనాటి అపార్ట్‌మెంట్లలో ఇదే జరుగుతోంది. ఇనుప నీళ్ల పైపులను గోడలో కప్పేశారు. అవి తుప్పు పట్టాక పైపు మార్చాలంటే టైల్స్ పగలగొట్టాలి, గోడ తొలవాలి, కింది ఫ్లాటువాళ్లతో మాట పడాలి. ఫ్యాన్లకూ ట్యూబులైట్లకూ వేసిన వైరింగు మీద ఇప్పుడు గదికో ఏసీ, బాత్రూముకో గీజరు నడుస్తున్నాయి. స్కూటర్ల కాలంలో పెట్టిన స్తంభాల మధ్య కారు తిరగదు. మూడంతస్తులకు లిఫ్టు ఎందుకన్న రోజుల్లో ఫ్లాటు కొన్నవాళ్లు ఇప్పుడు మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కుతున్నారు. వీటిలో ఏదీ భవనం కూలిపోతుందన్న సూచన కాదు. అయినా నాలుగూ కలిస్తే అసోసియేషన్ మీటింగులో ‘ఇక పడగొట్టేద్దాం’ అనే మాట వస్తుంది.

పొరలను ముందే విడదీస్తే సరిపోతుందా? టోక్యోలోని నకగిన్ క్యాప్సూల్ టవర్ ఆ ప్రశ్నకు చేదు జవాబు. ఆర్కిటెక్ట్ కిషో కురోకావా 1972లో రెండు కాంక్రీటు స్తంభాలకు 140 గదులను బోల్టులతో బిగించాడు. పాతికేళ్లకోసారి పాత గది ఊడదీసి కొత్తది తగిలించాలన్నది ఉద్దేశం. ఒక్క గదిని కూడా మార్చలేదు. గదికో యజమాని, ఒకరికి ఇష్టమైతే మరొకరికి కాదు. పైగా ఒకదాన్ని తీయాలంటే దాని పైవన్నీ దించాలి. లోపల ఆస్బెస్టాస్ ఉండడం మరో తలనొప్పి. 2022లో మొత్తం విప్పేశారు. అదే దేశంలో ఇసే షింటో ఆలయాన్ని 20 ఏళ్లకోసారి పక్క స్థలంలో సరికొత్తగా కడతారు. 62వ సారి కట్టడం 2013లో జరిగింది. ఆలయానికి వడ్రంగుల పరంపర, అడవి, నిధులు, వాటిని నడిపే సంస్థ ఉన్నాయి. నకగిన్‌కు బోల్టులు మాత్రమే ఉన్నాయి.

యంత్రం మారినప్పుడు

పారిస్‌లోని ఓర్సే రైల్వే స్టేషన్ 1900లో ప్రపంచ ప్రదర్శన కోసం తయారైంది. విద్యుత్ రైళ్లకు వీలుగా కట్టిన ఆధునిక స్టేషన్ అది. ఆ తరువాత రైళ్లు పొడవు పెరిగాయి, ప్లాట్‌ఫారాలు పెరగలేదు. 1939 కల్లా దూరప్రయాణపు రైళ్లు ఆగడం మానేశాయి. కూల్చి హోటల్ కడదామన్న ప్రతిపాదన తప్పిపోయి 1986లో అది మ్యూజియమైంది. ప్లాట్‌ఫారం పొడవు రైలుకు చాలలేదు గాని శిల్పాలకు బాగా సరిపోయింది.

ఆఫీసు భవనాల కథ ఇంతకన్నా మెలికలది. ఏసీ, ట్యూబులైటు రాకముందు కిటికీ వెలుతురు అందినంత మేరే గది లోతు ఉండేది. 1950ల తరువాత ఆ హద్దు చెరిగిపోయి, కిటికీకి ఎంతో దూరంగా మనుషులను కూర్చోబెట్టే విశాలమైన అంతస్తులు వచ్చాయి. దాంతో పాత సన్నని భవనాలు వెనకబడ్డాయి. 1980ల్లో బల్లబల్లకూ కంప్యూటరు చేరాక నేల కింద కేబుళ్లకూ, పైన ఏసీ గొట్టాలకూ చోటు కావలసి వచ్చింది. బ్రిటన్‌లో 1983లో వచ్చిన ఆర్బిట్ అనే అధ్యయనం ఆఫీసు భవనాలకూ కంప్యూటర్లకూ కుదిరే పొత్తు గురించే. పైకప్పు తక్కువ ఎత్తులో ఉన్న 1960ల భవనాలకు ఆ కేబుళ్లు, గొట్టాలు గండంగా మారాయి. 2020 తరువాత ఇంటి నుంచి పని మొదలయ్యాక దెబ్బ మళ్లీ లోతైన అంతస్తులకే తగిలింది. వాటిని ఇళ్లుగా మార్చుదామంటే నడిమధ్య గదికి కిటికీ ఉండదు. న్యూయార్క్‌లో 25 వాటర్ స్ట్రీట్ భవనాన్ని ఫ్లాట్లుగా మార్చేందుకు నడుమ అంతస్తులన్నీ తొలిచి వెలుతురు బావులు తీశారు. ఒక తరం గొప్పగా చెప్పుకున్న గుణమే తరువాతి తరానికి లోపమైంది.

మన ఊళ్లలోనూ ఇలాంటివి కళ్లముందే ఉన్నాయి. హాలు నిండా స్విచ్చుల అరలతో నడిచే టెలిఫోన్ ఎక్స్ఛేంజీల పనిని డిజిటల్ యంత్రం ఒక మూల గదిలో చేసేస్తుంది. మిగిలిన అంతస్తులు ఖాళీ. 2013 జూలైలో దేశంలో టెలిగ్రాం సేవ ముగిసి, తంతి గదికి పనే లేకుండా పోయింది.

సినిమా హాలు సంగతి కొంచెం వేరు. ఫిల్మ్ రీళ్లు పోయి డిజిటల్ ప్రొజెక్షన్ వచ్చినంత మాత్రాన హాలు చచ్చిపోలేదు, ఆపరేటర్ రూము ఖాళీ అయింది అంతే. హాలును దెబ్బతీసింది వెయ్యి సీట్ల లెక్క. మల్టీప్లెక్సు అదే వెయ్యి మందిని నాలుగైదు సినిమాలకు పంచుకుంటుంది, ఏదో ఒకటి ఆడుతుంది. పాత హాలుకు ఉన్నది ఒకే తెర, ఒకే పందెం. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అని తరగతులుగా జనాన్ని విడదీసిన ఆ కట్టడం బస్టాండు పక్కనో బజారు నడుమనో ఉంటుంది గనుక స్థలం ధరే దానికి శత్రువైంది. ఫంక్షన్ హాలుగా మార్చాలన్నా తెరవైపు వాలుగా ఉన్న నేలను ముందు సమం చేయాలి. ఆ ఖర్చు చూసి చాలామంది యజమానులు షాపింగ్ కాంప్లెక్సుకే మొగ్గారు.

కింద నేల, పైన ఇల్లు

అర్థశాస్త్రం ఇక్కడ సూటిగా ఉంటుంది. ఖాళీ స్థలం ధరలోంచి కూల్చే ఖర్చు తీసేసినా మిగిలేది, భవనం ఉన్నది ఉన్నట్టుగా పలికే ధర కన్నా ఎక్కువైన రోజున భవనానికి లెక్క ప్రకారం కాలం చెల్లినట్టే. ‘పాత ఇల్లు, స్థలం రేటుకే’ అని కనిపించే ప్రకటన ఈ సూత్రాన్నే చెబుతుంది. ఇంటికి విలువ సున్నా.

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఇది ‘డెవలప్‌మెంట్‌కి ఇవ్వడం’ రూపంలో నడుస్తోంది. యజమాని స్థలం ఇస్తాడు, బిల్డరు పెట్టుబడి పెడతాడు, లేచిన ఫ్లాట్లు ఇద్దరూ పంచుకుంటారు. హైదరాబాద్‌లో 2006లో వచ్చిన జీవో 86 తరువాత ఎంత ఎత్తు కట్టవచ్చన్నది ముఖ్యంగా ముందున్న రోడ్డు వెడల్పును బట్టి నిర్ణయమవుతోంది. అంటే రోడ్డు వెడల్పు చేసిన రోజునే, దానివెంట ఉన్న రెండంతస్తుల ఇళ్లన్నింటికీ ఎవరూ చెప్పకుండానే ఆయుష్షు తగ్గిపోతుంది. ఇంటివాళ్లు ఆ సాయంత్రం కూడా మామూలుగానే దీపం పెట్టుకుంటారు.

న్యూయార్క్‌లో పార్క్ ఎవెన్యూ 270వ నంబరు భవనం దీనికి పెద్ద రూపం. 1960లో 52 అంతస్తులతో పూర్తయింది. 2012 నాటికి కోట్ల డాలర్లు పోసి మరమ్మతు చేసి, పర్యావరణ హిత భవనంగా లీడ్ ప్లాటినం గుర్తింపు తెచ్చారు. 2017లో ఆ ప్రాంతంలో మరింత ఎత్తుకు అనుమతినిస్తూ నిబంధనలు మారాయి. 2019లో కూల్చడం మొదలైంది. పర్యావరణ హితమైన భవనాన్ని పడగొట్టి దాని స్థానంలో మరో పర్యావరణ హిత భవనం కట్టడమంటే ఏం ఆదా చేసినట్టో ఆ లెక్కవాళ్లే చెప్పాలి.

ధర పెరగనీయకపోయినా భవనం చచ్చిపోతుంది. ముంబైలో 1947 అద్దె నియంత్రణ చట్టం అద్దెలను ఎక్కడివక్కడ బిగించింది. అద్దె నామమాత్రమైనప్పుడు యజమాని మరమ్మతు మానేశాడు, అద్దెదారు అది తన ఇల్లు కాదని మానేశాడు. కూలిపోయే ఇళ్ల బెడద చూసి 1969లో ప్రభుత్వం సెస్సు వసూలు చేసి మరమ్మతులకు బోర్డు పెట్టవలసి వచ్చింది. కొన్నిచోట్ల యజమాని మరమ్మతును కావాలనే వాయిదా వేస్తాడు. ఇల్లు ప్రమాదకరమని మున్సిపాలిటీ నోటీసు ఇస్తే అద్దెదారులు వాళ్లంతట వాళ్లే కదులుతారు. ఈ రకం శిథిలతను వయసు ఖాతాలో వేయడం అన్యాయం.

కుటుంబం, దొర, కోతి

గోదావరి, కృష్ణా ప్రాంతాల మండువా ఇల్లు ఉమ్మడి కుటుంబానికీ వరి పంటకీ కుట్టించిన చొక్కా. నడుమ ఆకాశం కనిపించే మండువా, చుట్టూ వసారాలు, ధాన్యానికి గాదె, పెరట్లో పశువుల కొట్టం, వీధివైపు అరుగు. ధాన్యం కళ్లంలోంచే మిల్లుకు వెళ్లడం మొదలయ్యాక గాదె ఖాళీ. ట్రాక్టరు వచ్చాక కొట్టం ఖాళీ. అన్నదమ్ములు వాటాలు వేసుకుంటే మండువా మధ్యలో గోడ లేస్తుంది, అక్కడితో గాలీ వెలుతురూ కూడా వాటాలకొస్తాయి. ఏటా వానలకు ముందు పెంకులు సర్దే పనివాళ్లు దొరకరు. ఊళ్లో కోతుల మంద పెరిగితే సర్దిన పెంకు నెల తిరక్కుండా పగులుతుంది. పెంకుటిల్లు వదిలి స్లాబు వేసుకోవడానికి కారణాల్లో కోతిని కూడా లెక్కించాలి. ఏ పాఠ్యగ్రంథంలోనూ ఈ కారణం కనిపించదు. చివరకు చెక్కిన స్తంభాలు, ద్వారబంధాలు పాత కలప వ్యాపారి దగ్గరికి చేరి, అక్కడి నుంచి ఏ రిసార్టు గుమ్మానికో వెళతాయి.

తెలంగాణ గడీలది ఇంకో దారి. దొర పెత్తనం చూపడానికే ఎత్తైన గోడలతో కట్టిన కట్టడాలవి. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటం, 1949లో జాగీర్ల రద్దు, 1970ల తరువాతి రైతుకూలీ ఉద్యమాల ధాటికి దొరలు పట్నాలకు తరలిపోయారు. గడీ గోడలు చెక్కుచెదరలేదు, వాటికి భయపడేవాళ్లు లేకుండా పోయారు. కొన్నింటిలో బడులు నడిచాయి, కొన్ని పోలీసు శిబిరాలయ్యాయి, చాలావాటిలో తుమ్మచెట్లు మొలిచాయి. కామారెడ్డి జిల్లా దోమకొండ కోట మాత్రం వారసుల చేతుల్లో బాగుపడి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం అందుకుంది.

సెయింట్ లూయిస్ నగరంలో ప్రూయిట్ ఇగో కాలనీ కూడా మనుషులు తరలిపోయి కాలం చెల్లిన ఈ వరుసలోదే. 11 అంతస్తుల భవనాలు 33, 1950ల నడుమ కట్టినవి, 1972లో కూల్చడం మొదలుపెట్టి 1976కల్లా తుడిచేశారు. ఆధునిక వాస్తుశిల్పం ఓటమి అని ఎందరో రాశారు. నగరం నుంచి జనం వలసపోతుంటే, మిగిలిన పేదల అద్దెలతోనే నిర్వహణ అంతా చూసుకోమనడమే అసలు జబ్బు.

నిబంధనల మాట క్లుప్తంగా చెప్పవచ్చు. 2001 గుజరాత్ భూకంపం తరువాత 2002లో భారత భూకంప ప్రమాణాన్ని సవరించి, అతి తక్కువ ప్రమాదం అన్న మొదటి జోనునే తీసేశారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ర్యాంపు లేని ప్రభుత్వ భవనాన్ని తప్పు పట్టింది. బ్రిటన్‌లో 2023 వేసవి చివర, గాలి బుడగలతో తయారైన తేలిక కాంక్రీటు పైకప్పులు కూలే ప్రమాదముందని వందకు పైగా బడుల గదులను ఉన్నపళంగా మూసేశారు. నిబంధన మారితే కూల్చి తీరాలని లేదు, చాలావరకు జోడింపులతో నెరవేరుతుంది.

ప్రభుత్వం తీర్పు చెప్పినప్పుడు

ఢిల్లీ ప్రగతి మైదాన్‌లోని హాల్ ఆఫ్ నేషన్స్‌ను ఆర్కిటెక్ట్ రాజ్ రేవాల్, ఇంజనీర్ మహేంద్ర రాజ్ 1972లో కాంక్రీటు త్రికోణాల అల్లికతో కట్టారు. ఆ రకం కట్టడాల్లో ప్రపంచానికే పేరున్నది. కొత్త ప్రదర్శన కేంద్రం కోసం 2017 ఏప్రిల్‌లో రాత్రికి రాత్రి కూల్చేశారు. 60 ఏళ్లు నిండనిదేదీ వారసత్వ కట్టడం కాదన్నది వారసత్వ పరిరక్షణ కమిటీ వాదన. కంపెనీల చట్టం ప్రకారం ఆర్‌సీసీ భవనం ఆయుష్షు కూడా 60 ఏళ్లే. ఖాతాలో విలువ అడుగంటే వయసులో గాని మన భవనాలు వారసత్వానికి అర్హత పొందవన్నమాట. నిజానికి నలభై, యాభై ఏళ్ల మధ్యే భవనానికి గండం. పాతబడిపోయిందనిపిస్తుంది, పురాతనమనిపించదు.

హైదరాబాద్‌లో పాత సచివాలయాన్ని 2020 జూలైలో కూల్చారు. అగ్నిమాపక భద్రత లేదని, శాఖలు చెల్లాచెదరుగా ఉన్నాయని ప్రభుత్వం కారణాలు చూపింది. వాస్తు దోషం అన్న మాట కూడా బయట గట్టిగానే వినపడింది. కొన్ని బ్లాకులకు పాతికేళ్లు కూడా నిండలేదు. కొత్తది 2023 ఏప్రిల్ 30న ప్రారంభమైంది. వాస్తు పేరిట గుమ్మాలు మూసి, మెట్లు మార్చి, చివరకు ఇల్లే పడగొట్టడం తెలుగువారికి కొత్త కాదు. ఈ కారణాన్ని లెక్కలో చేర్చని సిద్ధాంతం ఇక్కడ పనికిరాదు. కొత్త శాసనసభ భవనం కోసం ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను తొలగించాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని మాత్రం 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది.

ఉస్మానియా ఆసుపత్రి కథ వీటన్నింటికన్నా చిక్కుది. 1908 మూసీ వరదలో పాత ఆసుపత్రి పోయాక ఆర్కిటెక్ట్ విన్సెంట్ ఎష్ గీసిన నమూనాతో కట్టి 1925లో తెరిచారు. 2020 జూలైలో వాన నీరు వార్డుల్లోకి రావడంతో పాత బ్లాకును ఖాళీ చేయించారు. కూల్చాలా, ఉంచాలా అన్న వాదన ఏళ్లతరబడి సాగింది. చివరకు 2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. ఆపరేషన్ థియేటర్లకూ, ఆక్సిజన్ లైన్లకూ పాత భవనం సరిపోదన్నది నిజం. ఇంకే పనికీ సరిపోదన్నది నిజం కాదు.

కూల్చకుండా

కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీ రెండు శతాబ్దాలకు పైబడినది. 1949 నుంచి అక్కడ మహిళా కళాశాల నడిచింది, ఇప్పుడు విశ్వవిద్యాలయమైంది, భవనం మరమ్మతై నిలిచింది. లండన్‌లో 1981లో మూతపడిన బ్యాంక్‌సైడ్ విద్యుత్ కేంద్రం 2000లో టేట్ మోడర్న్ మ్యూజియంగా తెరుచుకుంది. ఎత్తైన గదులు, బలమైన చట్రం, ధారాళమైన వెలుతురు ఉన్న కట్టడాలే ఇలా రెండో జన్మ ఎత్తుతున్నాయి. ఒకే పనికి బిగించి కొలిచి కట్టినవి ఆ పనితోపాటే పోతున్నాయి. ఫ్రాన్స్‌లో లకాటన్, వాసాల్ అనే ఆర్కిటెక్టుల జంట బోర్డో నగరంలోని 530 పాత ఫ్లాట్లకు, నివాసులను ఖాళీ చేయించకుండానే, బయటివైపు అద్దాల వసారాలు జోడించి ఇళ్లను పెద్దవి చేశారు. వారికి 2021లో ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది. ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో సుమారు 8 శాతం సిమెంటు తయారీవే గనుక, నిలబడి ఉన్న చట్రాన్ని వాడుకోవడం ఇప్పుడు పర్యావరణ లెక్క కూడా.

ఇల్లో ఫ్లాటో డెవలప్‌మెంట్‌కి ఇద్దామనుకునేవారు ఒప్పందం మీద సంతకానికి ముందు, ఆ బిల్డరుతో సంబంధం లేని స్ట్రక్చరల్ ఇంజనీరు చేత కట్టడాన్ని పరీక్ష చేయించుకోవాలి. చట్రం చెడిపోయిందని నివేదిక వస్తే కూల్చక తప్పదు. చెడింది పైపులూ వైర్లూ లిఫ్టూ మాత్రమే అయితే వాటిని మార్చడానికి అయ్యే ఖర్చు రాయించుకుని, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి నిర్ణయించుకోవడం మంచిది.